"ఎంతమందికి బాబూ?" అని అడిగే కర్రీ పాయింట్, విజయనగరం

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో ఒక సందు మొదట్లో ఉన్న చిన్న కర్రీ పాయింట్ గురించి రాస్తున్నాను. పేరు చెప్పమంటే చెప్పలేను, బోర్డు మీద "కర్రీ పాయింట్" అనే ఉంది, అంతే. మూడేళ్ళుగా దాదాపు రోజూ అక్కడే కూర కొంటున్నాను కాబట్టి ఒక్క పూట తిని రాస్తున్నది కాదు.

ఎక్కడికెళ్ళినా కౌంటర్ దగ్గర ముందు "ఏం కూర?" అంటారు. ఇక్కడ గరిటె పట్టుకుని నిలబడే ఆవిడ ముందు అడిగేది "ఎంతమందికి బాబూ?" అని. నలుగురికి అంటే మళ్ళీ "పెద్దోళ్ళెందరు, పిల్లలెందరు?" అంటుంది. గోడ మీద అట్టముక్కకి స్కెచ్ పెన్నుతో రాసిన ధరల పట్టిక కూడా అలాగే ఉంటుంది. కూర ఒక్కరికి 25, ఇద్దరికి 35, నలుగురికి 50. పులుసైనా సాంబారైనా 15, 20, 30. పచ్చడి ఎవరికైనా 10. ఈ పట్టిక గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది, కానీ ముందు రుచి సంగతి.

అరటికాయ ఆవపెట్టిన కూర మంగళవారం, శుక్రవారం ఉంటుంది, ఆ రెండు రోజులూ తప్పకుండా వెళ్ళండి. ఆవ అప్పటికప్పుడు నూరి కూర దించాక కలుపుతుంది, అందుకే చేదెక్కదు, ముక్కు దాకా ఘాటు తగులుతుంది. కంద బచ్చలి బాగుంటుంది. పనసపొట్టు దొరికే రోజుల్లో పదకొండున్నరకే అయిపోతుంది. ముక్కల పులుసులో బెల్లం మన ఉత్తరాంధ్ర వాళ్ళు వేసినట్టే వేస్తుంది, గుంటూరు నుంచి వచ్చిన నా స్నేహితుడికి అది అస్సలు నచ్చలేదు, నాకు మాత్రం అది లేకపోతే పులుసులా ఉండదు. బంగాళాదుంప వేపుడు మామూలుగా ఉంటుంది, సాంబారు కొన్ని రోజులు పల్చన. మాంసం, చేప ఉండవు.

ఇంకో మంచి పని, రోజూ ఒక కూరని ఉప్పు బాగా తగ్గించి విడిగా మూతపెట్టిన స్టీలు గిన్నెలో ఉంచుతుంది. అడిగితేనే ఇస్తుంది, బోర్డు మీద ఉండదు. బీపీ ఉన్నవాళ్ళు అడగండి.

ఆ గిన్నె ఎందుకు మొదలైందో ఆ షాపు ముందు నిలబడితే తెలుస్తుంది. పన్నెండు గంటలకి వచ్చేవాళ్ళలో సగానికి పైగా అరవై దాటినవాళ్ళే. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు, ఇంట్లో భార్యాభర్తలిద్దరే, లేదా ఒక్కరే. కుక్కర్లో అన్నం పడేసుకుంటారు, కూర మాత్రం ఇక్కడ కొనుక్కుంటారు. పదేళ్ళ కిందట కర్రీ పాయింట్ అంటే రూముల్లో ఉండే కుర్రాళ్ళు, బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్ళు. ఇప్పుడు లైన్లో చేతికర్రలు కనిపిస్తాయి.

నేను చాలా ఏళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటింటి సర్వేలు చేశాను, కాంట్రాక్టు మీద. ఫారం తెరిస్తే మొదట అడగాల్సింది అదే ప్రశ్న, ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత. సర్వేలో "ఇల్లు" అంటే ఒకే కప్పు అని కాదు, కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవాళ్ళు అని అర్థం. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలుగా రాసేవాళ్ళం. ఆ కుటుంబం ఖర్చునంతా కూడి, తలల సంఖ్యతో భాగిస్తే తలసరి ఖర్చు వస్తుంది. ఆ తలసరి సంఖ్యల నుంచే ఎవరు పైన, ఎవరు కింద, అంతరం ఎంత అన్నది లెక్కగడతారు. దానికి ఇటలీకి చెందిన కొరాడో గిని 1912లో ఇచ్చిన సూచికే ఇప్పటికీ వాడుతున్నారు, దాన్ని ఆయన పేరుతోనే గిని అంటారు, అందరికీ సమానమైతే 0, అంతా ఒక్కరి దగ్గరే ఉంటే 1.

ఇక్కడే నా బాధంతా. ఆ సూచిక పెరిగితే ధనికులు మరీ ధనికులయ్యారని, తగ్గితే పేదలు బాగుపడ్డారని పేపర్లో రాస్తారు, మనం చదువుతాం. కానీ ఎవరి జీతమూ మారకుండా ఇళ్ళు మాత్రమే మారినా ఆ సంఖ్య కదులుతుంది. దీన్ని చదువుకుని తెలుసుకోలేదు, మా ఇంట్లోనే చూశాను.

సంఖ్యల్ని సులువుగా ఉండేలా కొంచెం సర్ది చెప్తాను, వచ్చిందంతా ఖర్చైపోతుందనుకోండి. మాది ఉమ్మడి కుటుంబం, పదిమందిమి. నాన్న పెన్షన్ 30,000, అన్నయ్య జీతం 50,000, నాది 20,000. అంతా కలిపి లక్ష, తలకి పదివేలు, సర్వే లెక్కలో పదిమందీ సమానం, మా ఇంటి గిని సున్నా. తర్వాత వేరుపడ్డాం. గొడవలేమీ లేవు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, గదులు చాలలేదు. అమ్మానాన్నలు పాతింట్లో ఉండిపోయారు, అన్నయ్య కుటుంబం నలుగురు, మేం నలుగురం. అదే లక్ష, అదే పదిమంది. ఇప్పుడు అమ్మానాన్నలకి తలకి 15,000, అన్నయ్య ఇంట్లో 12,500, మా ఇంట్లో 5,000. గిని వేస్తే 0.22. ఒక్క రూపాయి చేతులు మారలేదు, పొయ్యిలు మాత్రమే మూడయ్యాయి.

మరి ఆ సున్నా నిజమా, ఈ 0.22 నిజమా? చాలా రోజులు ఆలోచించాను. ఉమ్మడిగా ఉన్నప్పుడు కంచంలో తేడా లేదు, నిజమే. కానీ పండక్కి మా ఆవిడకి వచ్చే చీర, వదినకి వచ్చే చీర ఒకటి కావు, పిల్లల స్కూళ్ళూ ఒకటి కావు. ఇంటి లోపల ఏం జరుగుతుందో సర్వే అడగదు, అందరూ సమానంగా పంచుకున్నారనే అనుకుంటుంది. కాబట్టి కొంత తేడా ముందు నుంచీ ఉంది, వేరుపడ్డాక బయటపడింది. కొంత మాత్రం కొత్తగా పుట్టింది, ఎందుకంటే అన్నయ్య జీతంలోంచి మా పిల్లలకి పాలు వచ్చేవి, ఇప్పుడు రావు. రెండూ ఒకే సంఖ్యలో కలిసిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ ఆ అట్టముక్క దగ్గరికి. 25, 35, 50. ఇద్దరికి రెట్టింపు కాదు, నలుగురికి నాలుగింతలు కాదు. ఒకటి, ఒకటిన్నరకి కాస్త తక్కువ, రెండు. ఆదాయ అసమానత కొలిచేవాళ్ళలో చాలామంది వాడే వర్గమూలం పద్ధతి అచ్చం ఇదే! కుటుంబ ఆదాయాన్ని తలల సంఖ్యతో కాకుండా తలల వర్గమూలంతో భాగిస్తారు, నలుగురుంటే రెండుతో, ఇద్దరుంటే 1.41తో. యూరప్ గణాంకాల్లో ఇంకోలా చేస్తారు, మొదటి పెద్దమనిషికి 1, ఆ పైన ఒక్కో పెద్దకి 0.5, పద్నాలుగేళ్ళ లోపు పిల్లకి 0.3. "పెద్దోళ్ళెందరు, పిల్లలెందరు" అని ఆవిడ అడిగేది ఇందుకే కదా. ఈ ధర ఎలా కట్టావు పిన్నీ అని ఒకసారి అడిగాను. "ఒక్కరికైనా నలుగురికైనా కవరు ఒకటే, దారం ఒకటే, తాలింపు ఒకటే బాబూ. ముక్కలే కదా ఎక్కువ పడతాయి" అంది. ఇంటి అద్దె, ఫ్యాను, గ్యాసు బండ, దీపం, ఫ్రిజ్ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కలిసి ఉంటే తలకి తక్కువ పడుతుంది, విడిపోతే ఎక్కువ పడుతుంది, తలసరి లెక్కకి ఆ సంగతి తెలియదు.

మా ఇంటి సంఖ్యల్నే ఆవిడ పట్టికతో వేసి చూడండి. అమ్మానాన్నలకి 30,000ని 1.41తో భాగిస్తే సుమారు 21,200. అన్నయ్యకి 50,000ని రెండుతో భాగిస్తే 25,000. నాకు 10,000. తలసరి ప్రకారం మా ముగ్గురిలో పైన ఉన్నది అమ్మానాన్నలు, ఈ పద్ధతిలో పైకొచ్చింది అన్నయ్య. నేను రెండిట్లోనూ అడుగునే. ఒకే ఊరు, ఒకే నెల, కొలత మార్చితే వరస తారుమారైంది. నా అభిప్రాయం అడిగితే అన్నయ్య పైన ఉండటమే నిజానికి దగ్గర.

ఆ తర్వాత అమ్మ పోయింది. నాన్న పెన్షన్ అదే 30,000. తలసరి లెక్కలో నాన్న ఒక్క రోజులో 15,000 నుంచి 30,000కి వెళ్ళిపోయాడు, అంటే రెండింతలు ధనవంతుడు. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. పదకొండు రోజులూ అయ్యాక నేను కూరకి వెళ్ళి, అలవాటు కొద్దీ "ఇద్దరికి" అనబోయి ఆగిపోయాను. ఆవిడే నెమ్మదిగా "ఒక్కరికే కదా బాబూ" అని కవరు తీసింది. 35కి బదులు 25 ఇచ్చాను. నాన్నకి తగ్గిన ఖర్చు ఆ పది రూపాయలే. ఇంటి పన్ను తగ్గలేదు, కరెంటు బిల్లు దాదాపు అంతే, పనిమనిషి జీతం అంతే, పైగా అమ్మ చేసే పనులన్నిటికీ ఇప్పుడు మనిషిని పెట్టాలి. వర్గమూలం లెక్కలో కూడా ఆయన పైకే వెళ్ళాడు, 21,200 నుంచి 30,000కి, కానీ రెండింతలు మాత్రం కాలేదు. ఏ కొలతా పూర్తిగా సరిపోదు, కొన్ని తక్కువ తప్పుతాయి.

మన రాష్ట్రంలో ఇలాంటి ఇళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదటిసారి చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21 నాటి ఐదో సర్వేలో 1.7. ఉమ్మడి రాష్ట్రంలో 2011 జనాభా లెక్కలకే ఇంటికి సగటున నలుగురే తేలారు. ఆ లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్ళకి ఆడవాళ్ళు శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019. దీనికి వలస ఒక కారణం, మగవాళ్ళు పనికి వెళ్ళిపోతారు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ తీరానికి, తాపీ పనివాళ్ళు హైదరాబాద్‌కి, చెన్నైకి. వెళ్ళినవాడు ఇంటి తలల్లోంచి పోతాడు, పంపే డబ్బు మాత్రం ఇంటి లెక్కలోకి వస్తుంది. భాగించే సంఖ్య తగ్గి తలసరి పెరుగుతుంది. అక్కడ షెడ్డులో పడుకునే అతన్ని ఏ సర్వే పట్టుకుంటుందో చాలాసార్లు మాకే అర్థమయ్యేది కాదు.

వయసు సంగతి ఇంకా తిరకాసు. ఊళ్ళో అందరి జీవితమూ అచ్చం ఒకటే అనుకోండి, ఇరవైల్లో నెలకి 15,000, నలభైల్లో 40,000, అరవై దాటాక 10,000. ఎవరికీ ఎవరికన్నా ఎక్కువ లేదు, కాకపోతే వయసులు వేరు. పదిమందిలో కుర్రాళ్ళు నలుగురు, నడివయసు వాళ్ళు నలుగురు, ముసలివాళ్ళు ఇద్దరు ఉంటే గిని 0.28 వస్తుంది. పిల్లలు తక్కువ పుట్టి కుర్రాళ్ళు ఇద్దరై, ముసలివాళ్ళు నలుగురైతే 0.31. ఎవరికీ ఏ అన్యాయమూ జరగకుండానే ఊళ్ళో అసమానత పెరిగినట్టు కనిపిస్తుంది. అమెరికాలో మోర్టన్ పాగ్లిన్ అనే ఆర్థికవేత్త 1975లో ఇదే పట్టుకుని, వయసు వల్ల వచ్చే తేడాని గినిలోంచి తీసేయాలన్నాడు, తీసేస్తే వాళ్ళ దేశంలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అసమానత తగ్గిందని కూడా తేల్చాడు. దాని మీద పెద్ద వాదమే నడిచింది.

నేను ఆయన మాట సగమే ఒప్పుకుంటాను. వయసు తేడాని విడదీసి చూడాలి, సరే. విడదీసి పక్కన పారేయకూడదు. ఎందుకంటే ముసలితనంలో అందరూ ఒకేలా లేరు, అది మన కర్రీ పాయింట్ లైన్లోనే కనిపిస్తుంది. ఒకే బడిలో చదివిన ఇద్దరు పక్కపక్కనే నిలబడతారు, ఒకాయన రిటైర్డ్ టీచరు, పెన్షన్ నలభైవేలు. ఇంకొకాయన జూట్ మిల్లులో చేసి మానేశాడు, ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే నాలుగువేల సామాజిక పెన్షనే ఆధారం. పాతికేళ్ళప్పుడు ఇద్దరి సంపాదనలో ఇంత తేడా లేదు. ఆంగస్ డీటన్, క్రిస్టినా పాక్సన్ 1994లో అమెరికా, బ్రిటన్, తైవాన్ లెక్కలు చూసి ఇదే చెప్పారు, ఒకే కాలంలో పుట్టినవాళ్ళ మధ్య వయసు పెరిగేకొద్దీ అంతరం పెరుగుతుందని. అంటే వృద్ధులు పెరిగే రాష్ట్రంలో గిని పెరిగితే అది వయసు మాయ అని కొట్టేయడానికి లేదు. ఆ రెండో పెద్దాయన పచ్చడి ఒక్కటే కొని వెళ్ళే రోజులు నెలాఖరున చాలా ఉంటాయి.

కూర కొనడం వల్ల కూడా లెక్క మారుతుంది. మన దేశంలో ఇన్నాళ్ళూ పెద్ద ప్రభుత్వ సర్వేలు ఎక్కువగా అడిగింది ఆదాయం కాదు, ఖర్చు. 2022-23 వినియోగ ఖర్చు సర్వేలో పానీయాలు, తయారైన ఆహారం మీద పెట్టేది మొత్తం ఖర్చులో పల్లెల్లోనూ పట్టణాల్లోనూ పదిశాతం దగ్గర తేలింది. కోడలు ఇంట్లో వండితే ఆ పనికి విలువ లేదు, కోడలు హైదరాబాద్ వెళ్ళాక అదే కూర కొంటే పెద్దావిడ ఖర్చు పెరిగింది, కాబట్టి కాగితం మీద ఆమె కొంచెం పైకెక్కింది. ఆమె తింటున్నది మాత్రం అదే బీరకాయ కూర. ఆ సర్వే ప్రకారం గిని పల్లెల్లో 0.266, పట్టణాల్లో 0.314. తర్వాతి ఏడాది 0.237, 0.284. ఒక్క ఏడాదిలో ఇళ్ళ సైజు అంత మారదు కాబట్టి ఆ తగ్గుదలని జనాభాకి అంటగట్టను. ఇరవై ముప్పై ఏళ్ళ సంఖ్యల్ని పక్కపక్కన పెట్టేవాళ్ళు మాత్రం ఇళ్ళ సైజు, వయసు సరిచేశారా లేదా అని అడగాల్సిందే. కుటుంబ ఆదాయం మీదే దేశవ్యాప్త సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. అందులోనైనా ఎంతమందికి అన్న ప్రశ్నకి సరైన బరువు ఇస్తారని నా ఆశ.

రేషన్ బియ్యం కార్డు దగ్గర ఇదే తప్పు నేరుగా జనానికి తగిలింది. 2019లో రాష్ట్రంలో పెట్టిన అర్హతల్లో కుటుంబ నెల ఆదాయం పల్లెలో పదివేలు, పట్టణంలో పన్నెండువేలు దాటకూడదు. ఇద్దరున్న ఇంటికీ అదే గీత, ఏడుగురున్న ఇంటికీ అదే గీత. అందుకే కార్డులు విడగొట్టించుకోవడానికి జనం అంతలా తిరిగారు. మా పెద్దమ్మ కొడుకు ఆ పని మీద ఒక ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాడు, ప్రతిసారీ "సర్వర్ లేదు, రేపు రండి" అనేవారు. ఏడుగురి కుటుంబం అని చెప్పినా వినేవాళ్ళు లేరు, ఎంతమంది అన్న గడి ఫారంలో ఉంది కానీ ఆదాయం గీతకి దానితో పనిలేదు. ఆ టెన్షన్‌లో వాడు కూలిపని ఎన్ని రోజులు పోగొట్టుకున్నాడో!

షాపులో లోపాలు కూడా చెప్పాలి. మరిగే పులుసుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోస్తారు, అది నాకు అస్సలు నచ్చదు, క్యారియర్ తీసుకెళ్ళండి, ఆవిడ సంతోషంగా పోస్తుంది, పైగా కవర్ కన్నా ఒక గరిటె ఎక్కువే పడుతుంది. నిలబడటానికి నీడ లేదు, పెద్దవాళ్ళు ఎండలో నిలబడాలి, ఒక బల్ల వేయమని చాలాసార్లు చెప్పాను, ఇంకా వేయలేదు. ఫోన్‌పే ఉంది కానీ సిగ్నల్ సరిగా రాదు, చిల్లర ఉంచుకోండి. ఆదివారం సెలవు, సిరిమాను పండగ రోజు కూడా ఉండదు. సాయంత్రం రెండు కూరలే ఉంటాయి, అవి పొద్దుటివి కావు, మళ్ళీ వండుతుంది.

పోయిన నెల గ్యాస్, నూనె ధరల గురించి మాట్లాడుతూ "ఒక్కరికి" అన్న ప్యాకెట్ తీసేద్దామనుకుంటున్నానని అంది. వేరే కర్రీ పాయింట్లలో అది ముందు నుంచీ లేదు, ఒకచోట నాన్నకి ఇద్దరి ప్యాకెట్టే అంటగట్టారు, సగం మర్నాటికి పాడై పారబోశాం. తీసేయొద్దు పిన్నీ, కావాలంటే ధర పెంచు అన్నాను. లైన్లో వెనకున్న పెద్దావిడ కూడా అదే మాట అంది. ఏమీ బదులు చెప్పలేదు.

సోమవారం వెళ్తే అట్టముక్క మీద 25ని కొట్టేసి 30 అని దిద్ది ఉంది. 35, 50 మారలేదు. నాన్నకి ఉప్పు తక్కువ గిన్నెలోంచి దొండకాయ కూర ఒక్కరికి కట్టించుకుని వచ్చాను. పన్నెండున్నర లోపు వెళ్ళండి, ఆ తర్వాత వెళ్తే పచ్చడే మిగులుతుంది.